శ్యాంసన్ చేసిన శుభ్రం

ఆ శుక్రవారం పొద్దున శ్యాంసన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి యజమాని అబ్దుల్ రెహమాన్ జుమ్మా నమాజు ముగించుకుని మిద్దె మీది గది చూడటానికి వచ్చేలోపల నేల కనిపించేలా చెయ్యాలి. ఆ గదికి నేల ఉన్న సంగతి అందులో ఉండే ముగ్గురికీ తెలుసు. అద్దెకు దిగిన రోజున చూశారు. నల్లటి నాపరాళ్ళ నేల, నున్నగా, ముచ్చటగా ఉండింది. ఆ తర్వాత ఎవరికీ మళ్ళీ దాని దర్శనం కాలేదు.

ముగ్గురూ మార్కాపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నారు. గిద్దలూరు నుంచి వచ్చిన ఖాలిద్ చొక్కా ఎక్కడ విడిస్తే ఆ చొక్కా ఇక అక్కడే స్థిరపడుతుంది. కొమరోలు నుంచి వచ్చిన మోహన్‌కృష్ణ వంట బాగా చేస్తాడు గానీ, వంట అయిన మరుక్షణం గిన్నెతో అతనికి సంబంధం తెగిపోతుంది. తర్లుపాడు దగ్గరి పల్లె నుంచి వచ్చిన శ్యాంసన్ ఒక్కడే పళ్ళెం కడుగుతాడు, దుప్పటి మడుస్తాడు, మిగతా ఇద్దర్నీ తిడతాడు. ఈ మూడో పనికే అతనికి రోజులో ఎక్కువ భాగం ఖర్చవుతూ ఉండేది.

పోయిన వారం ఫ్యాను బాగుచేయడానికి పైకి వచ్చిన రెహమాన్ గుమ్మం దాటీ దాటగానే దేని మీదో కాలు వేశాడు. అది మెత్తగా ఉంది. ఏమిటది అని అడిగాడు. ముగ్గురూ తలలు వంచుకున్నారు. భయపడి కాదు, నిజంగానే ఎవరికీ తెలియదు.

"పరీక్షలని ఊరుకుంటాండా," అన్నాడాయన, పాదం గుమ్మానికి తుడుచుకుంటూ. "శుక్రవారం నమాజైనాక మళ్ళా వస్తా. గది గది మాదిరి ఉంటే సరి. లేకుంటే శనివారం పొద్దునకల్లా తట్టాబుట్టా సర్దుకోండి."

మిగతా ఇద్దరికీ ఆ మాట చెవుల పక్కనుంచి పోయింది. శ్యాంసన్‌కు మాత్రం సూటిగా తగిలింది. ఈ గది దొరకకముందు అతను ఊరి నుంచి ఆటోలో వచ్చిపోయేవాడు. ఆ దారిలో ఆటో నిండితేగానీ కదలదు, డ్రైవరు దృష్టిలో ఆటో ఎప్పటికీ నిండదు. కిందటిసారి పరీక్షకు అట్లాగే ఆలస్యంగా వెళ్ళి ఫిజిక్సు పోగొట్టుకున్నాడు. పలకల కారఖానాలో పనిచేసే నాయన అప్పుడు తిట్టలేదు, కొట్టలేదు. "ఈసారి గూడా పోతే నాతో పాటు పలకలు కొయ్యడానికి రా," అన్నాడంతే. పరీక్షలు సోమవారం మొదలు. గది పోతే ఆటో, ఆటో అయితే ఫిజిక్సు గోవిందా.

అందుకని శ్యాంసన్ చీపురు పట్టుకుని గది నడుమ నిలబడ్డాడు.

"లెయ్యండ్రా. రెహమాన్ మామ వస్తాడు."

మోహన్‌కృష్ణ దుప్పట్లోనుంచే, "వస్తే రానీరా. టీ పెట్టిద్దాం," అన్నాడు.

"దేంట్లో పెడతావు? ఉన్న ఒక్క గిన్నెలో మొన్నటి పప్పుకు బూజొచ్చింది."

"పప్పు చేసింది నేను. తిన్నది వాడు. తిన్నోడు కడగాల."

"నేను తిన్నది అటు మొన్నటిది," అన్నాడు ఖాలిద్, సెల్‌ఫోన్ నుంచి కళ్ళు ఎత్తకుండా. "ఈ పప్పుకూ నాకూ పరిచయమే లేదు."

ఈ వాదన ఆ గదిలో కొత్తది కాదు. గిన్నె మారేది గానీ వాదన మారేది కాదు. ఎవరి చెత్తో తేలకపోవడం వల్లే ఏ చెత్తా కదలడం లేదని శ్యాంసన్‌కు ఆ క్షణాన జ్ఞానోదయం అయింది. పెట్టెలోంచి నాయన ఇచ్చిన బలపాల డబ్బీ తీశాడు. ఉన్న సామాను కాళ్ళతో అటూ ఇటూ తోసి, నాపరాళ్ళ మీద బలపంతో ఈ గోడ నుంచి ఆ గోడకు రెండు గీతలు గీశాడు. కిటికీ పక్క ఖాలిద్‌కు, తలుపు పక్క మోహన్‌కృష్ణకు, నడిమి భాగం తనకు.

"గీత అవతల ఏమన్నా ఉండనీ, నాకు పన్లేదు. మామ అడిగితే ఎవురి గడికి వాళ్ళే జవాబు చెప్పుకోవాల. నా గీత మాత్రం తొక్కినారంటే మంచిగుండదు!"

ఇద్దరూ ఎగిరి గంతేసినంత పని చేశారు. వాళ్ళ వరకు ఇది ఎవరి మురికిలో వాళ్ళు హాయిగా బతకడానికి పట్టా చేతికివ్వడమే. శ్యాంసన్ మాత్రం తన భాగంలో ఉన్న పరాయి సొత్తునంతా ఏరి ఏరి అసలు యజమానుల వైపు తోశాడు. చొక్కాలు, సాక్సులు కిటికీ వైపు పోయాయి. కోడిగుడ్డు పెంకులు, బూజు పట్టిన గిన్నె, చిరిగిన కారప్పొడి ప్యాకెట్టు తలుపు వైపు పోయాయి. ప్యాకెట్టు పోతూ పోతూ సగం కారం మోహన్‌కృష్ణ దిండు పక్కన ఒలకబోసింది. అది ఇక అతని కారమే గనక అతనూ పట్టించుకోలేదు, గీత అవతలిది గనక శ్యాంసనూ పట్టించుకోలేదు.

తర్వాత నడిమి భాగాన్ని నీళ్ళు పోసి కడిగి, తుడిచి, చాప పరిచి, దుప్పటి మడిచి, పుస్తకాలు దొంతర పెట్టాడు. చూసుకుంటే అతనికే ముద్దొచ్చింది. అయితే చీమలకు గీతల సంగతి తెలియదు. మోహన్‌కృష్ణ బెల్లం దగ్గరికి వెళ్ళే చీమలు శ్యాంసన్ గడి మీదుగానే వెళుతున్నాయి. అమ్మ ఇంట్లో ఏం చేస్తుందో గుర్తొచ్చి రెండు గీతల వెంబడీ పసుపు చల్లాడు. ఖాలిద్ సాక్సుల వాసన కూడా గీత దగ్గర ఆగలేదు. ఫోన్‌లో వెతికితే, కోసిన నిమ్మచెక్కలకు ఉప్పు అద్ది మూలల్లో పెడితే వాసన విరుగుతుందని ఎవరో చెప్పారు. నాలుగు మూలలా నాలుగు నిమ్మచెక్కలు పెట్టాడు. వాసన విరగలేదు. మోహన్‌కృష్ణ వాళ్ళమ్మ పరీక్షలకు దేవుడికి వెలిగించుకోమని పంపిన ఊదుబత్తీల కట్ట ఇప్పటిదాకా విప్పకుండానే ఉంది. అందులోంచి నాలుగు లాగి వెలిగించాడు. గుచ్చడానికి వేరే ఏమీ లేక నిమ్మచెక్కలకే గుచ్చాడు.

ఖాలిద్ తన గడిలో న్యూస్‌పేపరు పరిచి, ట్రిమ్మరుతో జుట్టు కత్తిరించుకుని, స్నానం చేసి, "నమాజు నుంచి వచ్చినాక తీస్తాలే," అంటూ ఆ జుట్టును పేపరు మీద కుప్పగా వదిలేసి మసీదుకు వెళ్ళిపోయాడు. గిన్నె మీద ఈగలు ముసురుతున్నాయని మోహన్‌కృష్ణ మొహం మీదిదాకా తెల్లదుప్పటి కప్పుకుని మళ్ళీ నిద్రపోయాడు. మధ్యాహ్నానికి శ్యాంసన్ వాళ్ళమ్మ సరోజమ్మ కూడా వస్తోంది. పరీక్షల ముందు కొడుకు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, కోడికూర పెట్టి పోతేగానీ ఆమెకు తృప్తి ఉండదు. అమ్మకూ మామకూ చల్లటి మంచినీళ్ళయినా ఇవ్వాలని, శ్యాంసన్ క్యాను భుజాన వేసుకుని వాటర్ ప్లాంటుకు బయలుదేరాడు. మెట్లు దిగుతూ, చాలా రోజుల తర్వాత, తనలో తను నవ్వుకున్నాడు కూడా.

పక్కింటి చెంచమ్మది రేకుల ఇల్లు. ఒడియాలు ఎండబెట్టుకోవాలంటే రెహమాన్ మిద్దె మీదికే వస్తుంది. చాటలో ఒడియాలు తిరగేసుకుంటూ, ఊదుబత్తి వాసన తగిలి, పిల్లలు ఏం పూజ చేస్తున్నారో పాపం అనుకుని కిటికీలోంచి లోపలికి చూసింది. తెల్లటి గీతలు. గీతల మీద పసుపు. నాలుగు మూలలా నిమ్మచెక్కలు, వాటిలో పొగలు కక్కుతున్న ఊదుబత్తీలు. ఇవతల పేపరు మీద మనిషి వెంట్రుకలు. అవతల నేల మీద తలదాకా తెల్లగుడ్డ కప్పిన ఒక ఆకారం, దాని తల పక్కన ఎర్రగా ఏదో.

చాట కింద పడింది.

"ఓ యమ్మో! పిల్లోన్ని బలిచ్చినారే!"

ఆ కేక మెట్లు దిగేసరికి చేతబడి అయింది, సందు చివరికి పోయేసరికి నరబలి అయింది, టీకొట్టు దాకా పోయేసరికి చచ్చినవాళ్ళు ఇద్దరయ్యారు. నీళ్ళ క్యానుతో తిరిగి వస్తున్న శ్యాంసన్‌కు టీకొట్టు దగ్గర ఇస్సాకు ఎదురు పరిగెత్తుకొచ్చాడు. తాపీపని చేసే ఇస్సాకు ఆ సందులోనే ఉంటాడు.

"ఏంది మామా, ఏమైంది?"

"రెహమాన్ బాయి మిద్దె మీద ఎవుడో మంత్రగాడు ఇద్దరు పిల్లోళ్ళను కోసినాడంట!"

శ్యాంసన్ ఎంత తిట్టుకున్నా వాళ్ళిద్దరూ అతని స్నేహితులు. పొద్దున్నే వాళ్ళతో అన్న మాటలన్నీ గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్యాను రోడ్డు మీదే వదిలేసి, జనంతో కలిసి, "దేవా, దేవా," అనుకుంటూ అందరికన్నా ముందు పరిగెత్తాడు. తలుపు తోసింది కూడా అతనే. వెనక సందు సందంతా మెట్ల మీద ఉంది.

ఆ గోలకు మోహన్‌కృష్ణకు మెలకువ వచ్చింది. కప్పుకున్న తెల్లదుప్పటితో సహా, జుట్టుకు కారం అంటుకుని, నిటారుగా లేచి కూర్చున్నాడు.

అంత జనం అంత ఇరుకు మెట్ల మీద అంత వేగంగా వెనక్కి ఎట్లా దిగారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. చెంచమ్మ ఒడియాలు మాత్రం ఒక్కటి కూడా మిగలలేదు. పైన నిలబడిపోయినవాడు శ్యాంసన్ ఒక్కడే. అతను పారిపోనందుకు కారణం ధైర్యం కాదు. గదిలో ఉన్నదంతా తన చేతి పనే అని అప్పుడే అర్థమైంది.

రెహమాన్ మసీదు నుంచి వచ్చేసరికి ఇంటి ముందు తిరునాళ్ళ మాదిరిగా ఉంది. వెంట ఖాలిద్ ఉన్నాడు. కింద వాకిట్లో రెహమాన్ భార్య కమ్రున్నీసా గుండె పట్టుకుని కూర్చుంది. "యా అల్లా, మన ఇంట్లోనా ఇది," అని ఏడుస్తోంది. రెహమాన్ మెట్లెక్కాడు. బతికి ఉన్న మోహన్‌కృష్ణను ముందు చేత్తో తాకి చూసుకున్నాడు. తర్వాత విచారణ మొదలుపెట్టాడు. జనం మళ్ళీ పైకి వచ్చి తలుపులోనూ కిటికీలోనూ నిండారు.

"ఈ ఎంట్రుకలు ఎవురివి?"

"నావే చాచా. నమాజుకు ముందు కటింగు చేసుకున్నా. వచ్చి తీద్దామనుకున్నా," అన్నాడు ఖాలిద్.

"ఆ ఎర్రగుండేది?"

"కారం మామా. ఆమ్లెట్టుకు తెచ్చింది," అన్నాడు మోహన్‌కృష్ణ, వరసగా రెండుసార్లు తుమ్మి.

రెహమాన్ వేలితో అద్దుకుని నాలుకకు రాసుకున్నాడు. నిజంగానే కారం. గిన్నె మూత తీసి చూసి వెంటనే పెట్టేశాడు. పెంకులు, సాక్సులు, చొక్కాల గుట్ట, అన్నీ చూశాడు. కమ్రున్నీసా కూడా పైకి వచ్చి, ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని, గుమ్మంలోంచే అంతా పరికించింది. ఆమె మొహం తేటపడింది.

"ఇది జాదూ కాదు. మామూలు గలీజే," అంది. "మా తమ్ముడు చదువుకునేటప్పుడు గూడా ఇట్లనే ఉండె."

జనం కూడా ఒప్పుకున్నారు. ఇళ్ళల్లో మగపిల్లలు ఉన్నవాళ్ళంతా తలలు ఊపారు. అప్పుడు రెహమాన్ చూపు గది నడుమకు వచ్చి ఆగింది.

"ఈ నడిమి గడి ఎవురిది?"

"నాది మామా," అన్నాడు శ్యాంసన్.

"ఇంత శుభ్రంగా ఎందుకుండాది?"

ఇరవై ఏళ్ళ మగపిల్లవాడు, ఎవరూ కొట్టకుండా, తనంతట తాను నేల కడిగి తుడిచాడంటే ఆ సందులో నమ్మేవాళ్ళు ఎవరున్నారు? "నువ్వు చూడ్డానికి వస్తానంటివి గదా మామా," అని గొణిగాడు శ్యాంసన్.

"అందరికీ చెప్పినా గదా. వాళ్ళు చెయ్యలేదే?"

"చీమలకు పసుపు మామా. వాసనకు నిమ్మకాయ..."

"వాసనకు నిమ్మకాయలో ఊదుబత్తి గుచ్చుతారా ఎవురన్నా?" అంది చెంచమ్మ. ఒడియాలు పోయిన కోపం కూడా ఆ గొంతులో ఉంది.

స్నేహితుడు ఇరుక్కుపోవడం చూసి ఖాలిద్ మనసు కరిగింది. సాయం చేద్దామని ముందుకొచ్చాడు. "వాడు మంచోడు చాచా. రోజూ ఇంతే. మేం లేవకముందే చీకట్నే లేసి, ఒక్కడే ఏందో చేసుకుంటా ఉంటాడు."

"ఏం చేస్తాడు?"

"మాకేం తెలుసు చాచా, మేం నిద్రపోతా ఉంటిమి గదా."

గుమ్మంలో గుసగుసలు లేచాయి. మోహన్‌కృష్ణ కూడా ఊరుకోలేకపోయాడు. "మా వస్తువు ఒక్కటి గూడా ముట్టుకోడు మామా. అన్నీ గీత అవతలికి నెట్టినాడు. గీత తొక్కితే మంచిగుండదని మాకు ముందే చెప్పినాడు గూడా."

ఆ మాటతో మొదటి వరుసలో ఉన్నవాళ్ళు గీత మీదినుంచి కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. శ్యాంసన్‌కు ఇద్దర్నీ అక్కడికక్కడే పీక పిసకాలనిపించింది. ఇన్నాళ్ళు వాళ్ళ మురికితో వేగాడు. వాళ్ళ సాయం అంతకన్నా అన్యాయంగా ఉంది.

రెహమాన్ చెడ్డవాడు కాదు. భార్య మొహం చూశాడు, జనాన్ని చూశాడు, నిట్టూర్చాడు. "వీళ్ళిద్దరూ ఉండొచ్చు. వీళ్ళేందో కంటికి కనపడతాండారు. నువ్వు మాత్రం, నాయనా, ఏమనుకోవద్దు. మా ఇంట్లో ఆడోళ్ళు భయపడతాండారు. రేపు పొద్దున ఖాళీ చెయ్యి."

శ్యాంసన్‌కు దుఃఖం ముంచుకొచ్చింది. గదిని మురికి చేసినవాళ్ళకు గది దక్కింది. కడిగినవాడికి ఆటో. సోమవారం పొద్దున జనం కోసం ఎదురుచూస్తూ కదలకుండా నిలబడిన ఆటో, దాని వెనక పలకల కారఖానా కళ్ళకు కట్టాయి. ఏడుపు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాడు.

"అడ్డం లెయ్యండి, అడ్డం లెయ్యండి. ఏంది ఈ జనం? మా పిల్లోడికి ఏమైంది?"

మెట్ల మీద నుంచి సరోజమ్మ గొంతు. చేతిలో క్యారియరు, చంకలో సంచి, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ లోపలికి వచ్చి పడింది. కొడుకు ఒంటి మీద గాయాలేమీ లేవని చూసుకుని, "చెప్పండి," అంది.

చెంచమ్మ చెప్పింది. ఉన్నదంతా చెప్పింది, కొంచెం కలిపి కూడా చెప్పింది. "నువ్వే చూడు తల్లీ, నీ కొడుకు గడి ఎంత శుభ్రంగా పెట్టినాడో. మంత్రాలు చెయ్యనోడికి ఇంత శుభ్రం ఎందుకు?"

సరోజమ్మ నడిమి గడి చూసింది. మడిచిన దుప్పటి చూసింది. దొంతర పెట్టిన పుస్తకాలు చూసింది.

"ఇది మావోనిది కాదు," అంది.

"నాదేమ్మా," అన్నాడు శ్యాంసన్.

"నువ్వూరుకోరా. నిన్ను కన్నది నేను." ఆమె కమ్రున్నీసా వైపు తిరిగింది. "అక్కా, వీని సంగతి నన్నడుగు. తిన్న పళ్ళెం తీసినోడు కాదు. తడి తువ్వాలు మంచం మీదనే. పోయిన ఎండాకాలం విడిచిన గుడ్డలన్నీ మూలకేసినాడు. ఆ గుడ్డల్లో పిల్లి ఈనింది తల్లీ! కూనలు కండ్లు తెరిచి ఇల్లంతా తిరిగేదాంక వీనికి తెల్లేదు. నా నీలం చొక్కా యాడమ్మా అన్నాడు. పిల్లి కిందుండాది, తీసుకోరా అంటి. పిల్లి లేసినాక నువ్వే తీసియ్యమ్మా అన్నాడు! ఇట్లాంటోడు మంత్రాలు చేస్తాడా? మంత్రానికి పొద్దున్నే లెయ్యద్దా?"

ముందు ఇస్సాకు నవ్వాడు. తర్వాత కిటికీ నవ్వింది, తర్వాత మెట్లన్నీ నవ్వాయి. కమ్రున్నీసా పైట నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఖాలిద్, మోహన్‌కృష్ణ నవ్వలేదు. నోళ్ళు తెరుచుకుని శ్యాంసన్ వైపు చూస్తూ ఉండిపోయారు. రోజూ పొద్దున్నే అతను తమను తిట్టిన తిట్లన్నీ వాళ్ళకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయని ఆ మొహాలే చెబుతున్నాయి. పలకల పని కూడా ఇంతకన్నా నయమేమో అనిపించింది శ్యాంసన్‌కు.

"మరి ఈడెందుకట్ల కడిగినాడు?" అన్నాడు రెహమాన్, ఇంకా కొంచెం సందేహంగా.

సరోజమ్మ క్యారియరు కింద పెట్టింది.

"ఈడ నేను లేను గదా బాబూ," అంది.

అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేకపోయింది. రెహమాన్ తీర్పు వెనక్కి తీసుకున్నాడు. ముగ్గురూ ఉండొచ్చన్నాడు. పోబోతూ, శ్యాంసన్‌ను దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "చూడు నాయనా, నువ్వు చదువుకో, పాసవ్వు. ఇంక మీద ఈ గదిలో అంత శుభ్రం చెయ్యొద్దు. మీ చాచీకి బీపీ ఉండాది," అన్నాడు. అసలు తను ఏం చూడ్డానికి పైకి వచ్చాడో ఆయనకు గుర్తున్నట్టు లేదు.

జనం దిగిపోయారు. సరోజమ్మ కొడుకు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పనిలో పనిగా మిగతా ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టింది. నలుగురూ నడిమి గడిలోనే కూర్చుని కోడికూరతో అన్నం తిన్నారు. తిన్నాక శ్యాంసన్ పళ్ళెం అక్కడే వదిలి లేచాడు. కావాలని కాదు. అమ్మ ఎదురుగా ఉంటే ఆ చేతులకు ఇంకో పని తెలియదు. ఖాలిద్ అది చూశాడు. మోహన్‌కృష్ణ కూడా చూశాడు. ఇద్దరూ తమ పళ్ళాలు కూడా అక్కడే వదిలి లేచారు. సరోజమ్మ నాలుగు పళ్ళాలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, బూజు పట్టిన గిన్నె కూడా చేతిలోకి తీసుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని బయట తొట్టి దగ్గరికి వెళ్ళింది.

ఆ గదిలో గిన్నెల మీద తగాదా రాని మొదటి పూట అదే.